ఊట మీది పనస చెట్టు

జలిహాతా తోట దిగి ఇంటికి వచ్చేసరికి భర్త రేకు పెట్టె అరుగు మీద ఉంది.

పెట్టె మూత మీద అతని తోలు చెప్పులు, వాటి పక్కన జుమ్మా నమాజుకు పెట్టుకునే కుట్టుపని టోపీ. టోపీకి దుమ్మంటకుండా కింద ఒక గుడ్డ మడిచి వేసి ఉంది. ఆ మడత చూడగానే తల్లి పనేనని జలిహాతాకు తెలిసిపోయింది. మొయినేషా ఎంత కోపంలో ఉన్నా చేసే పని మాత్రం నీటుగానే చేస్తుంది.

వీపు మీది పూలబుట్ట దించకుండానే జలిహాతా గడప దగ్గర నిలబడింది. లోపల తల్లి పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతోంది. ముఖానికి రాసుకున్న గంధం ఆరి బీటలు వారింది. తలెత్తలేదు.

"ఏంటమ్మా ఇది?"

"పెట్టె."

"పెట్టేనని కనిపిస్తూనే ఉంది. బయటెందుకుందని."

"లోపల చోటు చాల్లేదు."

"ఇన్నేళ్లూ చాలింది కదా."

మొయినేషా చిప్ప తిప్పి రెండో వైపు కోరడం మొదలుపెట్టింది. "పనస చెట్టు నిలబడి ఉన్నన్నాళ్లూ చాలింది."

జలిహాతాకు విషయం అర్థమైంది. వారం రోజులు ముత్సముదు పట్నంలో పెళ్లింట ఉండి నిన్న సాయంత్రమే తల్లి తిరిగొచ్చింది. ఈ పొద్దున బిందె పట్టుకుని ఊట దగ్గరికి వెళ్లింది. అక్కడ చెట్టు ఉండాల్సిన చోట మొదలు మాత్రం ఉంది.

అంజువాన్ దీవిలో ఇల్లు ఆడదానిది. కూతురు పుట్టిన నాటి నుంచీ తల్లి రాయి మీద రాయి పేర్చి ఆమె పేర ఇల్లు కడుతుంది. మొగుడు పెట్టెతో అందులోకి వస్తాడు. ఆ పెట్టె గడప బయటికి వచ్చిందంటే ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. దారిన పోయేవాళ్లు చూస్తారు. చూసి నడక కాస్త తగ్గిస్తారు, అంతే.

పొద్దుటి నుంచి ఎంతమంది నడక తగ్గించారో అనుకుంటూ జలిహాతా పెరటి మెట్లు దిగింది.

అత్తరు నూనె తీసే బట్టీ పొయ్యి ముందు భర్త హుమాదీ గొంతుక్కూర్చుని ఉన్నాడు. పొయ్యిలో పనస మొద్దులు చిటపటమంటూ జిగురు కక్కుతున్నాయి. పచ్చి కట్టె కావడంతో మధ్యమధ్య కొబ్బరి పీచు దోపుతున్నాడు. పొగ కళ్లలోకి కొడుతున్నా పక్కకు జరగలేదు.

"పెట్టె చూశావా?" అని అడిగింది.

"చూశాను. టోపీకి గుడ్డ కూడా వేశారు అత్త."

"నీకు నవ్వులాటగా ఉందా?"

"పూలు పోసెయ్. ఎండెక్కుతోంది."

ఆమె బుట్ట వంచింది. పసుపు పచ్చని ఇలాంగ్ పూలు, రేకుల మొదట్లో ఎర్ర చుక్క పడినవి, డ్రమ్ములోకి జారాయి. వెనకాలే కోత ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ బుట్టలు ఒంపారు. అందరూ మెట్లు దిగేటప్పుడు అరుగు వైపు ఒకసారి చూసినవాళ్లే. ఎవరూ నోరు మెదపలేదు. తోటలో అంత వాగే ఆడవాళ్లు అక్కడ అంత మర్యాదగా ఉండటమే జలిహాతాకు భరించరానిదిగా తోచింది.

వాళ్లు వెళ్లాక హుమాదీ మూత వేసి, అంచు చుట్టూ బంకమట్టి మెత్తడం మొదలుపెట్టాడు.

"నేను చెప్తాను అమ్మకి," అంది జలిహాతా. "పనస కొట్టమన్నది నేనేనని."

"ఇప్పుడొద్దు. నూనె దిగేటప్పుడు ఇంట్లో కేకలు వద్దు."

"నూనెకేమైనా చెవులున్నాయా?"

"నాకున్నాయి."

మట్టి చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వెళ్లి వంగాడు. ఊట నుంచి వెదురు గొట్టంలో వచ్చే నీళ్లు ఆ తొట్టిలో పడతాయి. బట్టీ గొట్టం ఆ నీళ్లలో మునిగి ఉంటేనే ఆవిరి చల్లబడి నూనె అవుతుంది. మామూలుగా బొటనవేలంత లావున పడే ధార ఇవాళ పలచగా, తెగుతూ పడుతోంది. ఇద్దరూ దాన్ని చూశారు.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఆ గొడవ మళ్లీ వచ్చింది.

మొయినేషా కర్రపెండలం ఆకు కొబ్బరి పాలతో వండి దింపింది. జలిహాతా రెండు పళ్లేలు తీసింది. ఒకటి కూతురు నాస్రాకు. రెండో దాంట్లో అన్నం పెట్టి, ఆకు కూర వేసి, ఎండు చేప ముక్క పక్కన పెట్టి లేచింది.

"అది ఎవరికి?" అంది తల్లి.

"ఎవరికో నీకు తెలుసు."

"ఈ గడప లోపల కూర్చున్న వాళ్లకి నేను వండాను. బయటి వాళ్లకి వాళ్ల అమ్మ వండుతుంది."

జలిహాతా పళ్లెంతో నిలబడింది. నాలుగు అడుగులు వేస్తే పెరటి తలుపు. ఎవరూ ఆమె చెయ్యి పట్టుకుని ఆపలేదు. అయినా ఆ నాలుగు అడుగులూ వెయ్యకుండా పళ్లెం మీద మరో పళ్లెం బోర్లించి, గూట్లో పెట్టి కూర్చుంది.

చెల్లెలు ఎషాతి ఈ తతంగమంతా మూల నుంచి చూస్తోంది. పెళ్లి కావలసిన పిల్ల. నోరు ఊరంతా వినబడేది.

"అమ్మా, అన్నం వద్దన్నావు. సరే. ఉడికిన అరటికాయ అన్నం కింద లెక్కా?"

"నీ తిక్క ప్రశ్నలు నా దగ్గర కాదు."

"కాదంటే లెక్క కాదన్నమాట." ఎషాతి అరటికాయలు ఒక ఆకులో చుట్టి కొంగు కింద పెట్టుకుంది. "పిల్లికి పెట్టొస్తాను. మన పిల్లి పొయ్యి దగ్గరే పడుంటుంది ఎప్పుడూ. మీసాలు కూడా కాలిపోయాయి పాపం."

మొయినేషా ముఖం తిప్పుకుంది. నవ్వు ఆపుకోడానికో, కోపం ఆపుకోడానికో జలిహాతాకు తెలియలేదు.

సాయంత్రం నమాజు అయ్యాక సైందూ మామ వచ్చాడు. మొయినేషాకు తమ్ముడు. చిన్నప్పుడు ఓడల్లో తిరిగాడు, ఇప్పుడు ఊరి తగువుల్లో తిరుగుతాడు. ఇంట్లో మేనమామ మాట తండ్రి మాట కంటే ఎక్కువ. అందుకని ఆయన వస్తూనే అక్కను పలకరించి, అరుగు మీద చోటు చూసుకుని, రేకు పెట్టెకు మోచెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"పిలవండి అల్లుణ్ని."

హుమాదీ మసి చేతులతోనే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"నిలబడ్డావేం? కూర్చో."

"నా చోటు మీరు ఆనుకున్నారు మామా."

సైందూ తన మోచెయ్యి ఎక్కడుందో చూసుకుని తీసేశాడు. గొంతు సవరించుకున్నాడు. "సరే. అక్కా, నువ్వు చెప్పు ముందు."

"చెప్పడానికేముంది? ఆ చెట్టు మా అమ్మ నాటింది. పండ్ల కోసం నాటలేదు. వేళ్లు మట్టిని పట్టి ఉంచితే ఊట నిలుస్తుందని నాటింది. తెల్లవాళ్ల కంపెనీ ఉన్న రోజుల్లో ఈ కొండంతా అడవి కొట్టి ఇలాంగ్ వేశారు. ఆ దొరలు కూడా ఆ చెట్టు జోలికి రాలేదు. ఇవాళ బిందె నిండేలోపు నేను నిలబడలేక కూర్చున్నాను. కూర్చుంటే కాలు తిమ్మిరెక్కింది. అడుగు ఊళ్లో ఆడవాళ్లని."

"ఏమోయ్ అల్లుడూ?"

"కొట్టింది నేనే," అన్నాడు హుమాదీ.

"ఎందుకు కొట్టావు?"

"కట్టెల బండి రాలేదు. పై ఊళ్లలో కూడా కట్టె అయిపోయిందట. చెట్ల మీద పూలు పండిపోయాయి."

"పండితే రాలనీయవలసింది," అంది మొయినేషా.

"రాలితే బట్టీ ఎందుకాపావని మీరే అడిగేవారు అత్తా."

"అడుగుతాను. అడిగితే చెప్పవలసింది."

"మీరు పట్నంలో ఉన్నారు."

"పట్నానికి దారి లేదా? బండ్లు తిరగట్లేదా?"

హుమాదీ పొయ్యి వైపు ఒకసారి తిరిగి చూశాడు. మంట తగ్గితే నూనె పాడవుతుందన్న ధ్యాస ఆ సమయంలోనూ అతన్ని వదల్లేదు.

జలిహాతా గుంజ పట్టుకుని నిలబడి ఉంది. పొద్దుటి నుంచి నోట్లో నానుతున్న మాట, తీరా బయటికి వచ్చేసరికి చాలా మామూలుగా వచ్చింది. "కొట్టమన్నది నేను. ఆయన వద్దన్నాడు. ఆ మొదలు చుట్టూ రెండుసార్లు తిరిగి, అత్త వచ్చాక చూద్దామన్నాడు. పూలు నల్లబడిపోతాయని నేనే పోరాను. గొడ్డలి కూడా నేనే తెచ్చిచ్చాను."

ఎషాతి లోపలి నుంచి తల బయటికి పెట్టి మళ్లీ లోపలికి తీసుకుంది.

"నాకు తెలుసు," అంది మొయినేషా.

"ఏం తెలుసు?"

"నువ్వేనని. నీ మొగుడు నన్నడక్కుండా ఈ పెరట్లో మామిడికాయ కూడా కొయ్యడు. ఎవరో వెనక నిలబడితే తప్ప ఆ చెట్టు మీద చెయ్యి వెయ్యడని మొదలు చూడగానే అనుకున్నాను."

"తెలిసి ఆయన పెట్టె బయట పెట్టావా?"

"మరి ఎవరిది పెట్టను?" మొయినేషా మొదటిసారి కూతురి ముఖంలోకి సూటిగా చూసింది. "ఈ ఇల్లు నీ పేర కట్టాను. తోట నీ పేర రాశాను. నిన్ను నీ ఇంట్లోంచి పంపించడం నా చేతిలో లేదు. అతన్నయితే పంపగలను."

సైందూ మామ గడ్డం గోక్కున్నాడు. ఓడల్లో, ఊళ్లో ఎన్నో తగువులు చూసిన మనిషి, ఈ మాటకు బదులు ఎక్కడా విన్నట్టు లేదు. కాసేపటికి లవంగాల గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. లవంగానికి పొయ్యి అక్కర్లేదనీ, చాప మీద ఎండబోస్తే చాలనీ, అవతలి లోయలో వాళ్లు ఇలాంగ్ పీకేసి లవంగం వేశారనీ చెప్పాడు. ఎవరూ వినలేదు.

హుమాదీ జలిహాతా వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏదో అడుగుతున్నట్టు లేదు, ఊరికే చూస్తున్నాడు. ఆమె పెట్టె వైపు చూసింది. తల్లి వైపు చూసింది. తల్లి లేచి ఆ పెట్టె లోపల పెడుతుందేమోనని ఎదురు చూసింది. మొయినేషా లేవలేదు.

"మంట చూసుకోవాలి," అని హుమాదీ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పెట్టె అక్కడే ఉంది.

తెల్లవారి బట్టీ పూర్తయింది. దిగిన నూనెంతా డబ్బాల్లోకి వంపి, ముందు దిగిన మేలురకం ఒక పక్క, తర్వాతది ఒక పక్క పెట్టి, హుమాదీ డ్రమ్ము కింద మంట ఆర్పాడు. ఉడికి నల్లబడిన పూల పిప్పి పారతో ఎత్తి పెంటలో పోశాడు. డ్రమ్ము కడిగాడు. రోజూ చేసే పని, రోజూ చేసే వరసలోనే చేశాడు. తర్వాత మాత్రం రెంచి తీసుకుని గొట్టం బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

జలిహాతా వచ్చేసరికి మూత ఊడి నేల మీద ఉంది.

"బాగు చెయ్యాలా?"

"లేదు. తీసుకెళ్తున్నాను."

"బట్టీనా?"

"ఇల్లు నీది. తోట నీది. బట్టీ నాది. పెళ్లికి వస్తూ ఆ పెట్టె కాక నేను తెచ్చుకున్నది ఇదొక్కటే."

"నువ్వు బట్టీ పట్టుకుపోతే పూలేం చెయ్యను?"

"పూలు నావి కాదుగా జలిహాతా."

అది కోపంగా అని ఉంటే ఆమె కూడా ఏదో అనేది. అతను బోల్టులు ఒక గుడ్డలో మూటగట్టుకుంటూ, అందులో ఒకటి తక్కువైందని నేల మీద వెతుకుతూ అన్నాడు. అది ఆమె కాలి దగ్గరే ఉంది. వంగి తీసి ఇచ్చింది. ఇచ్చాక ఎందుకిచ్చానా అనుకుంది.

బండి వచ్చింది. డ్రైవరు, హుమాదీ కలిసి డ్రమ్ము ఎక్కించారు. ఆ తర్వాత హుమాదీ అరుగు దగ్గరికి వచ్చి చెప్పులు తొడుక్కుని, టోపీ పెట్టెలో పెట్టుకుని, పెట్టెను కూడా బండిలో పెట్టాడు. గుడ్డ మడిచి అరుగు మీదే వదిలేశాడు. గడప బయట నిలబడి లోపల పడుకున్న నాస్రాను చూశాడు. పిల్ల లేవలేదు.

"వస్తాను అత్తా," అన్నాడు.

లోపల నుంచి మొయినేషా గొంతు వినిపించింది. "మీ అమ్మను అడిగానని చెప్పు."

అతను కొండ మీది తన ఊరు షిరోకానికి వెళ్లాడని మధ్యాహ్నానికల్లా అందరికీ తెలిసింది.

ఆ మర్నాడు కోత ఆడవాళ్లు అలవాటు చొప్పున పొద్దున్నే బుట్టలతో వచ్చారు. ఎషాతి వాళ్లకు ఎదురెళ్లింది. "ఇవాళ కోత లేదు పిన్నీ. మా ఇంట్లో మొగుడు అయిపోయాడు," అంది. ఒకరిద్దరు నవ్వబోయి, అరుగు మీద జలిహాతాను చూసి ఆపుకున్నారు. ఊళ్లో మిగతా బట్టీలు ఉన్న కాసిన్ని కట్టెలతో తమ పూలకే నూనె తీయలేక సతమతమవుతున్నాయి. వేరే వాళ్ల పూలు ఎవరూ ముట్టుకునేలా లేరు.

పూలు రాలడం మొదలైంది.

చేతికి అందేలా కొమ్మలు నరికి, వంచి, నడుం వంగిన ముసలివాళ్లలా చేసిన చెట్లు అవి. వాటి కింద నేల పసుపు పచ్చగా మారింది, ఎండకు గోధుమ రంగుకు తిరిగింది. వాసన ఇంట్లోకి వచ్చింది. అన్నంలో ఆ వాసనే, బట్టల్లో ఆ వాసనే. పూలు కోసే రోజుల్లో జలిహాతాకు ఆ వాసన తెలిసేదే కాదు. ఇప్పుడు తలనొప్పి పట్టుకుంది.

తల్లీ కూతుళ్లు అవసరమైనంత మేరకే మాట్లాడుకున్నారు. ఉప్పుందా అంటే ఉంది అని. పిల్ల ఏదంటే వీధిలో ఉంది అని. నాస్రా ఒకసారి, "నాన్న పెట్టె ఏదీ?" అని అడిగింది. పెద్దవాళ్లిద్దరూ రెండో వాళ్లు చెబుతారేమోనని ఊరుకున్నారు.

చివరికి ఒక ఉదయం జలిహాతా ఎర్ర గళ్ల వస్త్రం చుట్టుకుని షిరోకాని దారి పట్టింది. మొగుడి కోసం పెళ్లాం అతని తల్లి ఇంటికి వెళ్లడం ఆ వైపు ఎవరూ చెయ్యని పని. దారిలో ఎదురైన వాళ్లు ఎక్కడికని అడిగితే, లవంగం మొక్కలు చూడటానికని చెప్పింది.

హుమాదీ తల్లి రఫియాతి వాకిట్లో చిక్కుడు గింజలు ఒలుస్తోంది. కోడల్ని చూసి ఆశ్చర్యం పైకి కనబడనివ్వలేదు.

"రా అమ్మా. కాళ్లు కడుక్కో. నీళ్లు తక్కువ, చూసి వాడు."

"బాగున్నారా అత్తా?"

"బాగానే ఉన్నాం. ఇల్లు నా కూతుళ్లది. వాళ్లు చోటిచ్చినన్నాళ్లు మావాడు బాగానే ఉంటాడు. తర్వాత సంగతి వాడే చూసుకోవాలి."

మాట నెమ్మదిగానే ఉంది. తగలవలసిన చోట తగిలింది. బట్టీ డ్రమ్ము వాకిలి చివర పక్కకు దొర్లి పడి ఉంది. అందులో ఒక కోడి గుడ్లు పొదుగుతోంది. హుమాదీ ఆ పక్కనే ఇంటి చూరుకు కొబ్బరి మట్టలు కడుతున్నాడు. నిచ్చెన దిగకుండానే, "నాస్రా బాగుందా?" అని అడిగాడు.

"పెట్టె ఏదని అడుగుతోంది."

అతను మట్ట బిగించి కట్టి, మెల్లగా దిగాడు.

"పూలన్నీ రాలిపోతున్నాయి," అంది ఆమె.

"వాసన ఇక్కడిదాకా వస్తోంది."

"నువ్వు ఇంటికి రాకూడదూ? నిజమేదో అందరి ముందూ చెప్పాను కదా. మామయ్య విన్నాడు, అమ్మ విన్నది. ఇంకా నీ మీద ఏముంది?"

"చెప్పావు. నేను కాదనలేదు." చేతులకు అంటిన పీచు దులుపుకున్నాడు. "చెప్పాక కూడా పెట్టె అరుగు మీదే ఉంది. రాత్రంతా ఉంది. తెల్లారీ ఉంది. అత్త లోపల పెట్టలేదు. ఆవిడ కోపం ఆవిడది. నీకు చేతులు లేవా?"

జలిహాతా తన చేతుల వైపు చూసుకుంది.

"ఎత్తి లోపల పెడితే సరిపోయేది," అన్నాడు. "ఎవరూ నిన్ను ఆపేవాళ్లు కాదు. ఇల్లు నీదని ఆవిడే చెప్పింది కదా."

"ఆవిడ పెడుతుందనుకున్నాను."

"నువ్వెప్పుడూ అంతే అనుకుంటావు."

ఇద్దరూ డ్రమ్ములో కోడిని చూశారు. అది వీళ్లను పట్టించుకోలేదు.

"సరే, తప్పే. ఇప్పుడు ఎత్తి పెడతాను. వస్తావా?"

"వచ్చి ఏం చెయ్యను? బట్టీ బిగిస్తాను. పూలు పోస్తావు. కట్టెలేవి?" అతను గొంతు పెంచలేదు. "ఈ కొండ మీద నేను కొట్టని చెట్టేది? మామిడి కొట్టాను, అత్త ఏమీ అనలేదు. రొట్టెపండు చెట్టు కొట్టాను, అప్పుడూ అనలేదు. నూనె బాగా దిగిందా అని మాత్రం అడిగేది. పనస ఒక్కటే ఆవిడ కంటపడింది. నేనొస్తే ఈసారి ఏ చెట్టు చూపిస్తావు జలిహాతా? చెప్పు, గొడ్డలి నేనే తెచ్చుకుంటాను."

ఆమె దగ్గర చెట్టు లేదు. రఫియాతి పెట్టిన టీ తాగి, పిల్లకిమ్మని ఆవిడ ఇచ్చిన చిక్కుడు గింజలు కొంగున కట్టుకుని, కొండ దిగింది.

తోట ఇంకా కనబడక ముందే గొడ్డలి చప్పుడు వినిపించింది.

మొదట వేరే వాళ్ల తోటలోదనుకుంది. మలుపు తిరిగాక పరుగెత్తింది. ఊట కిందుగా ఉన్న పై వరసలో ఇలాంగ్ చెట్లు పడి ఉన్నాయి. సైందూ మామ చొక్కా విప్పి రంపం ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస ఒక కూలివాడు. మొయినేషా ఒంటి మీది వస్త్రం నడుముకు బిగించి, చిన్న గొడ్డలితో కొమ్మలు నరుకుతోంది. పడిన కొమ్మల్లో ఎషాతి కూర్చుని ఇంకా వాడని పూలు కోసి ఒడిలో వేసుకుంటోంది. ఏడుస్తున్నదో చెమటో తెలియలేదు.

"ఏం చేస్తున్నారు?" అంది జలిహాతా, ఊపిరి అందక.

మొయినేషా గొడ్డలి నేలకు ఆనించింది. "పనస గింజలు తెచ్చాను. ఊట చుట్టూ నీడ లేకపోతే మొలవవు. ముందు నీడకి అరటి పెట్టాలి, ఆ నీడన పనస పెట్టాలి. చోటు కావాలి."

"నన్నడక్కుండానా?"

"నువ్వు నన్నడిగావా?"

సైందూ రంపం ఆపి నిలబడ్డాడు. కూలివాడు ఇదే అదనని కూర్చున్నాడు.

తల్లి అన్న మాట తల్లికే నచ్చినట్టు లేదు. గొడ్డలి తిప్పి, పిడి కూతురి వైపు పెట్టింది. "తోట నీది. ఆపమంటే ఆపుతాను. మీ మామ రెండో వరస కూడా కొట్టేద్దామంటున్నాడు. మొత్తం కొట్టి లవంగం పెట్టమంటున్నాడు. నాకు తెలియట్లేదు. నువ్వు చెప్పు."

జలిహాతా పిడి అందుకుంది. తల్లికి తెలియట్లేదన్న మాట ఆవిడ నోట ఆమె ఇంతవరకు వినలేదు. పై వరస పోయింది. రెండో వరస చెట్లు తనతో పాటు పెరిగినవి. వాటి కొమ్మలు వంచి రాళ్లు వేలాడదీసింది తను, హుమాదీ కలిసి, పెళ్లైన కొత్తలో. కింద మూడు వరసలు, ఆ కింద ఇల్లు. ఊట దగ్గరికి వెళ్లి చూసింది. మొదలు పక్కన రాతి సందులోంచి నీరు జారుతోంది. చేతి దోసిలి పట్టింది. నిండే వరకు ఉంది. తాగింది.

వెనక్కి వచ్చి రెండో వరస మొదటి చెట్టు మీద గొడ్డలితో ఒక గాటు పెట్టింది.

"ఈ వరస వరకు కొట్టండి. దీని కింద చెట్టు ముట్టుకోవద్దు. లవంగం సంగతి తర్వాత చూద్దాం మామయ్యా."

"కోతకి మూడు వరసలే మిగుల్తాయి," అన్నాడు సైందూ.

"మిగలనీ."

మొయినేషా తల ఊపింది. సరేనన్నదో, అలసటో. కూలివాడు లేచి రంపం పట్టుకున్నాడు. సైందూ నరికిన మొద్దుల్ని కాలితో కదిపి చూశాడు.

"మరి ఈ కట్టె ఏం చేద్దాం? ఇది నీళ్ల కట్టె. ఎండితే గానీ మండదు. ఇంటి పొయ్యికైతే ఏళ్లు వస్తుంది."

మొయినేషా కూతురి వైపు చూడకుండా కొమ్మలు ఒక పక్కకు ఈడ్చడం మొదలుపెట్టింది. పొడుగు మొద్దులు ఒక చోట, చిన్నవి ఒక చోట. బట్టీ పొయ్యికి పేర్చే కొలతలోనే పేరుస్తోంది.

జలిహాతా అది గమనించింది.

"ఎషాతీ," అని పిలిచింది. "నువ్వు షిరోకాని వెళ్లాలి."

చెల్లెలు ఒడిలో పూలతోనే లేచింది. "బావ దగ్గరికా? ఏం చెప్పను?"

"కట్టెలు ఉన్నాయని చెప్పు. పచ్చివి, ఎండాలి అని చెప్పు."

"రమ్మని చెప్పనా?"

తల్లి చేతిలో కొమ్మ ఆగింది.

"చెప్పకు," అంది జలిహాతా. "కట్టెలు ఉన్నాయని మాత్రం చెప్పు."